ముద్దయా? ముద్దవంటిదియా?

ముప్పదియేండ్లుగా నేను కళాశాలలో ఉపమాలంకారమును బోధించుచున్నాను. ఉపమేయము, ఉపమానము, సమానధర్మము, ఉపమావాచకము అను నాలుగింటిని నల్లబల్లమీద వ్రాసి, ముఖము చంద్రునివంటిది అన్నచో ఉపమయనియు, ముఖమే చంద్రుడు అన్నచో రూపకమనియు ఏటేట పిల్లలకు చెప్పుదును. ‘వంటి’ అను ఒక్క మాట పోయినచో అలంకారమే మారునని చెప్పిన ఆ నోటితోనే, నిరుడు శ్రావణమాసమున ఒక ‘వంటి’ని విడిచి చదివి, మా అక్కయ్య యింట తొమ్మిది దినములు ఎవరికిని అన్నము సహింపకుండునట్లు చేసితిని. తప్పు నాదే. ఆ తప్పునుండి నేర్చుకొన్నది ఉపాధ్యాయులకును విద్యార్థులకును ఉపయోగపడునని తోచి యిది వ్రాయుచున్నాను.

మా బావగారు తాడేపల్లిగూడెమునకు చేరువనున్న యొక గ్రామమున ప్రధానోపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నవారు. వయస్సు 72 ఏండ్లు. పడుచుతనమునుండి ముప్పదియేండ్లు చుట్ట కాల్చి, తరువాత మానివేసిరి. దగ్గు విడువకున్నందున ఛాతీకి ఎక్సురే తీయించగా కుడి ఊపిరితిత్తి పైభాగమున చిన్న నీడ కానవచ్చినది. మన ప్రాంతమున ఊపిరితిత్తిలో నీడ యనగానే మొదట జ్ఞప్తికి వచ్చునది క్షయ. కఫము పరీక్షించిరి, క్షయ కాదని తేలినది. సూదితో చిన్నముక్క తీసి చూచినమీదట అది కాన్సరని స్పష్టమైనది. రెండు సెంటీమీటర్ల ప్రమాణము, మరియెచ్చటికిని ప్రాకలేదు. వైద్యులు దీనిని తొలిదశ యందురు.

శరీరము ఓర్వగలిగినవారికి తొలిదశలో ఆ భాగమును కోసి తీసివేయుటయే చిరకాలముగా ప్రధానమార్గము. కాని బావగారి గుండెకు లోగడనే స్టెంట్లు వేసియుండిరి. పొగ త్రాగిన ఫలితముగా శ్వాసబలమును చాల తగ్గియున్నది. శస్త్రచికిత్సకు తాళలేరని నిశ్చయించి వైద్యులు కిరణచికిత్స చేయించుకొనుమనిరి. హైదరాబాదులో రెండు వారముల లోపల 5 మార్లు చేసిరి. కోత లేదు, నొప్పి లేదు. “ఇన్‌స్పెక్షను రోజుకంటే తేలిగ్గా ఉందోయ్!” అని నవ్వుచు ఆయన ఇల్లు చేరిరి. అది మార్గశిరమాసము.

ఈ చికిత్స యెట్లు వచ్చినదో కొంత తెలిసికొనుట యవసరము. 1895 నవంబరు 8వ తేదీన జర్మనీ దేశమున రాంట్‌గెన్ పండితుడు ఎక్సు కిరణములను కనుగొనెను. మనిషిని కోయకుండ లోపల చూచుటకు సాధనమైన ఆ కిరణములే కొలది కాలములో చికిత్సకును సాధనమైనవి. హైదరాబాదులో 1955లో నెలకొన్న మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆసుపత్రి పేరిట రేడియం అను మాటయు చేరియుండుట ఆ కాలపు ఆశకు గుర్తు. కృష్ణాజిల్లా మంటాడలో జన్మించిన నోరి దత్తాత్రేయుడుగారు అమెరికాలో ఈ కిరణవైద్యముననే ఖ్యాతి గడించి, 2015లో పద్మశ్రీ పురస్కారము నందిరి.

అయితే ఊపిరితిత్తి విషయమున చిరకాలము ఒక చిక్కు ఉండెడిది. కాన్సరును చంపగల మోతాదు నిచ్చినచో చుట్టునున్న మెత్తని ఊపిరితిత్తియు దెబ్బతినును. కావున కొంచెము కొంచెముగా ఆరు వారములు, సుమారు ముప్పది మార్లు ఇచ్చెడివారు; అయినను గడ్డ పలుమారులు తిరిగి లేచుచుండెడిది. 1951లో స్వీడన్ వైద్యుడు లార్స్ లెక్సెల్ మెదడు విషయమున ఒక యుపాయము చెప్పెను. సన్నని కిరణములను అనేక దిక్కులనుండి పంపి ఒక్క బిందువునొద్ద కలుపవలెను. మెదడు కదలదు, ఊపిరితిత్తి ప్రతి శ్వాసకును కదలును. 1971 అక్టోబరు 1వ తేదీన లండనులో తొలిసారి రోగికి సి.టి. స్కాన్ తీసిన తరువాత, శరీరాంతర్భాగమును పొరలు పొరలుగా చూచు వీలు కలిగినది. ఆ వీలును ఆధారము చేసికొని స్వీడన్ దేశమందలి కరోలిన్‌స్కా ఆసుపత్రిలో బ్లోమ్‌గ్రెన్, లాక్స్ అనువారు 1990 దశాబ్దమున ఈ పద్ధతిని ఊపిరితిత్తికిని కాలేయమునకును తెచ్చిరి.

దీని తీరు మన ప్రాంతమువారికి సులువుగా బోధపడును. బుడమేరు ఒకవైపునుండి, తమ్మిలేరు వేరొకవైపునుండి, మరి యెన్నియో కాలువలు తలయొక దిక్కునుండి వచ్చి కొల్లేట కలియును. ఏ కాలువను విడిగా చూచినను దాని నీరు కొంచెమే. కలిసినచోట మాత్రము మహాజలము. కిరణములును అట్లే. త్రోవలో ఒక్కొక్కటి చేయు హాని స్వల్పము. కలిసినచోట గడ్డ నిలువజాలదు. శస్త్రచికిత్సకు తగని 55 మంది రోగులకు 3 మార్లలో 54 గ్రేల మోతాదు ఇచ్చిన అమెరికా పరిశోధన యొకటి 2010లో వెలువడినది. మూడేండ్ల తరువాత గడ్డ ఉన్నచోట అదుపులో నుండుట 100కు 97 పాళ్లకు పైగా కనిపించినది. ఆ రోగులలో మూడేండ్లు జీవించినవారు సగముకంటె కొంచెమెక్కువ మాత్రమే. అదివరకే గుండెజబ్బులు, శ్వాసరోగములు కలవారగుటచేత వారిలో పలువురకు ఇతర వ్యాధులే మృత్యుకారణములైనవి. గడ్డవిషయమున మాత్రము ఇంతటి ఫలము మునుపు లేదు.

ఇక మా కథకు వత్తును. చికిత్స ముగిసిన 3 నెలలకు తీసిన చిత్రమున గడ్డ తగ్గినది. దాని చుట్టు పొగమంచువంటి మసక కొంత ఉన్నదనిరి. అందరము సంతోషించితిమి. 8 నెలలకు శ్రావణమాసమున ఏలూరులో మరల స్కాన్ తీయించితిమి. హైదరాబాదు వైద్యునొద్దకు పోవుటకు ఇంకను తొమ్మిది దినముల గడువున్నది. కవరు విప్పి మేనల్లుడు నా చేతికిచ్చి, “మామయ్యా, నువ్వు చదివి చెప్పు” అనెను. ఆంగ్లమున నున్న ఆ కాగితమున ‘మాస్-లైక్ కన్సాలిడేషన్’ అని యుండెను. ప్రమాణము మూడున్నర సెంటీమీటర్లు. నా కంటికి ‘మాస్’ అను మాటయు, మూడున్నర అను అంకెయు మాత్రమే ఆనినవి. మొదటి గడ్డ రెండు, ఇప్పుడు మూడున్నర. “గడ్డ మళ్లీ వచ్చిందిరా, ముందుకంటే పెద్దది” అని మేనల్లునితో మెల్లగా చెప్పితిని. వంటయింటిలోనున్న అక్కయ్య వినినది.

ఆమె ఏడ్వలేదు. పసుపుగుడ్డలో రూపాయి కట్టి ద్వారకాతిరుమల వెంకన్నకు ముడుపని దేవునిగూటిలో ఉంచినది. బావగారు మాత్రము నన్నేమియు అడుగలేదు. మరునాడు పింఛను పుస్తకము తెప్పించుకొని, ఎవరెవరికి ఎంతెంత ఇయ్యవలెనో ఒక కాగితముమీద వ్రాయసాగిరి. ప్రయాణమునకు రెండు దినములు ముందు, “మళ్లీ హైదరాబాదెందుకోయ్? టికెట్ల డబ్బులు దండగ. వచ్చింది వచ్చింది” అనిరి. నేను చదివిన ఒక్క మాట ఆయనచేత వైద్యునొద్దకు పోవుటనే మాన్పించుచున్నదని అప్పుడు నాకు భయము కలిగినది. బ్రతిమాలి, కోపించి, చివరకు అక్కయ్యచేత ఒట్టు పెట్టించి బయలుదేరదీసితిమి. పాత చిత్రములనన్నింటిని ఒక సంచిలో పెట్టి మేనల్లుడు వెంట తెచ్చెను. అది యొక్కటి మాత్రము మేము సరిగా చేసినపని.

వైద్యుడు నడివయస్కుడు. కాగితము ప్రక్కన పెట్టి మొదట సంచి విప్పెను. చికిత్సకు ముందటిది, 3 నెలలది, 8 నెలలది వరుసగా తెరమీదికి తెచ్చి చాలసేపు చూచి, “రిపోర్టు ఇంట్లో ఎవరు చదివారండీ?” అని యడిగెను.

“నేనేనండి.”

“మీరేం చేస్తుంటారు?”

“కాలేజీలో తెలుగు చెబుతానండి.”

“అయితే చెప్పండి మాస్టారూ, లైక్ అంటే తెలుగులో ఏమిటి?”

నాకు వెంటనే బోధపడినది. తల వంచుకొని, “వంటి” అంటిని.

“అదీ సంగతి. ముద్ద అని రాయలేదు. ముద్దవంటిది అని రాశారు” అని యాయన చిత్రములు చూపుచు విప్పి చెప్పెను. ఆ చెప్పినదానిని నా మాటలలో వ్రాయుచున్నాను.

మన ఊపిరితిత్తి కోట్లకొలది చిన్న గాలితిత్తుల సముదాయము. గాలి చిత్రమున నల్లగా పడును. గట్టిపదార్థము తెల్లగా పడును. వాడుకలో నీడ యనుచున్నను స్కాన్ చిత్రమున అది తెల్లగానే కనిపించును. కిరణములు తగిలినచోట గాలితిత్తుల గోడలందలి కణములు దెబ్బతినును. సన్నని రక్తనాళములనుండి నీరు ఊరును. వాపు కలిగించు కణములు చేరును. ఇది సాధారణముగా మొదటి ఆరు నెలలలో జరుగును. గాలి కొంత మిగిలి, లోపలి నాళములు ఇంకను కనిపించుచున్నచో ‘గరుకుగాజువంటి మసక’ యందురు. గాలి పూర్తిగా పోయి నాళములు మరుగుపడినచో ‘ఘనీభవనము’ అందురు. ఆరు నెలలు దాటినపిమ్మట శరీరము ఆ గాయమును పీచుపదార్థముతో పూడ్చును. మోకాలి గాయము మానినచోట మచ్చ గట్టిపడి చర్మమును లాగినట్లే ఇదియు చుట్టునున్న భాగమును తనవైపునకు లాగుకొనును. అది కొందరిలో సన్నని గీతవలె, కొందరిలో ముద్దవలె మిగులును. ఆ ముద్ద మొదటి గడ్డకంటె పెద్దదిగా నుండుటయు కలదు. ఏలయనగా కిరణములు గడ్డకు మాత్రమే గాక దాని చుట్టునున్న అంచుకును తగిలినవి. ఈ మార్పులు రెండేండ్లవరకును, ఒక్కొక్కప్పుడు ఆ తరువాతను రూపము మార్చుకొనుచుండును.

వైద్యుల భాష ఇంతగా ఉపమలతో నిండియున్నదని నేను ఎరుగను. గాజువంటిది, ముద్దవంటిది, మచ్చవంటిది, ఉంగరమువంటిది! కనిపించిన రూపమును మాత్రమే చెప్పి, వస్తువేదో ఇంకను నిర్ణయింపలేదని తెలుపుటకే వారు ఆ ‘వంటి’ని ఉంచుదురు. నేను దానిని రూపకముగా చదివితిని.

“అయితే ఇది మచ్చేనా అండీ?” అని మేనల్లుడడిగెను.

“ఇవాళ్టి బొమ్మలో మచ్చలాగే ఉంది. మచ్చే అని ప్రమాణం చేయలేను” అని వైద్యుడనెను. ఆయన నిజాయితీ నాకు నచ్చినది, కాని ఆ మాట అక్కయ్యకు ఎట్లు చెప్పుదునని గుండె జారినది.

ఆయన కారణములు చెప్పెను. చికిత్సవేళ ఏ భాగమునకు ఎంత మోతాదు చేరెనో చూపు పటమును ఈ చిత్రముపై నుంచగా, తెల్లనిభాగము ఆ హద్దులలోనే యున్నది. దాని అంచు తిన్నగా గీచినట్లున్నది; బయటికి ఉబ్బలేదు. తెలుపు మధ్య నల్లని కొమ్మలవలె శ్వాసనాళములు తెరచుకొనియే యున్నవి. ఇవి మానుచున్న గాయమునకు అనుకూలమైన గుర్తులు. దీనికి మారుగా, సంవత్సరము గడచిన తరువాతను నీడ పెరుగుచుండుట, చిత్రము వెంట చిత్రమున ఆ పెరుగుదల కొనసాగుట, తిన్నని అంచు చెడి బయటికి ఉబ్బుట, తెలుపులోని నల్లని నాళములు పూడిపోవుట, ముఖ్యముగా నిలువున 5 మిల్లీమీటర్లకును ఐదవవంతుకును మించి పెరుగుట కనిపించినచో రోగము మరలినదేమోయని అనుమానింపవలెను. అట్టి గుర్తులు ఒకటికి రెండు కూడినకొలది అనుమానము బలపడును. అప్పుడు పెట్ స్కాన్, అవసరమైనచో మరల ముక్క తీయుట. పెట్ స్కాన్‌లో కాన్సరు వెలిగినట్లే వాపును వెలుగును. కావున చికిత్సయైన కొలది నెలలకే తీసినచో అదియు మోసపుచ్చవచ్చును. సూది గుచ్చుటవలన ఊపిరితిత్తినుండి గాలి కారు ప్రమాదము కలదు. శ్వాసబలము తక్కువైన బావగారివంటివారికి అది చిన్న విషయము కాదు. “తొందరపడి పొడిస్తే లేని కష్టం తెచ్చుకుంటాం. చూడకుండా వదిలేస్తే ఉన్న కష్టం పెరుగుతుంది. మార్గశిరంలో రండి, మళ్లీ తీద్దాం” అని పంపివైచెను.

వేచియుండుడని చెప్పుట సులభము. భాద్రపదము, ఆశ్వయుజము మాకు చాల దీర్ఘములైనవి. బావగారు కాగితము వ్రాయుట మానిరి గాని చించివేయలేదు. ‘ఒక్క చిత్రము చూచి ఏల నిర్ణయింపరు? ఇంత యంత్రసామగ్రి యుండియు ఈ చూచుట యేమిటి?’ అని నేను లోలోపల విసుగుకొనుచుంటిని.

ఆ విసుగు కార్తికమున కొల్లేట తీరినది. విద్యార్థులను వెంటబెట్టుకొని కైకలూరు చేరువనున్న ఆటపాకకు గూడబాతులను చూపుటకు పోయితిని. కొల్లేటిని అయిదవ కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర 1999లో అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సర్ ఒడంబడికలో చేర్చిరి. సరస్సునాక్రమించిన చేపలచెరువుల గట్లను 2006లో ప్రభుత్వము యంత్రములతో తెగగొట్టించినది. తరువాతి సంవత్సరములలో కొన్నిచోట్ల చెరువులు మరల వెలసినవి. ఒక విద్యార్థి ఉపగ్రహచిత్రమొకటి చూపి, “ఇదిగో సార్, ఇక్కడ గట్టుంది” అనెను. నీటి నడుమ చతురస్రముగా గీత కనిపించుచున్నది. “ఇది 2006లో తెగగొట్టిన గట్టు మొండా? కొత్తగా పోసిన గట్టా?” అని యడిగితిని. వాడు తేల్చలేకపోయెను, నేనును తేల్చలేకపోతిని. వాడే తెలివి పుట్టి, అదే స్థలమునకు సంబంధించిన వేరువేరు సంవత్సరముల చిత్రములను వరుసగా తీసెను. ఏటేట ఆ గీత పలుచబడి, అక్కడక్కడ తెగి, గడ్డి క్రమ్ముచున్నది. “పాత గట్టే సార్, కరిగిపోతోంది” అనెను. ప్రక్కనే మరియొక గీత ఒకయేడు లేదు, మరుసటియేడు కలదు, ఆపై మరింత దిట్టమైనది. “ఇది కొత్తది.”

గట్టు మొండి, కొత్త గట్టు ఒక్క చిత్రమున ఒక్కతీరుగనే యుండును. వానిని వేరుచేయునది వానికిని కాలమునకును గల సంబంధము. మానినది తరుగును, లేదా నిలుచును, మొలచునది పెరుగును. వైద్యుడు మూడు నెలలు ఆగుమన్నది చేతకాక కాదు; రెండవ చిత్రము పుట్టుటకు కాలము కావలెను గనుక. నా వంటి వానికి ఇది తెలిసియుండవలసినదే. తాటియాకు ప్రతి ఒక్కటి చూచి పాఠము నిర్ణయింపరాదనియు, ప్రతులను ప్రక్కప్రక్కన నుంచి పోల్చవలెననియు మేము చదువుకొన్నవారమే గదా!

మార్గశిరమున చిత్రము తీసిరి. ఈ పర్యాయము నేను చదువలేదు. కవరు విప్పకుండగనే వైద్యుని బల్లమీద పెట్టితిని. ఆయన నాలుగింటిని వరుసగా నుంచెను. మూడున్నర సెంటీమీటర్లు రెండుంబావు అయినవి. ముద్దవంటిది ముడుచుకొని, చుట్టునున్న భాగమును లోనికి లాగుకొన్నది. “ముడుచుకుంటోంది” అని వైద్యుడనినంతనే బావగారు నావైపు తిరిగి, “ఏమోయ్ లెక్చరరూ, ఈ మాటకి అర్థం సరిగ్గా రాసుకున్నావా?” అనిరి. ఏడాదిలో ఆయన పరిహాసమాడుట అదే మొదలు.

ఇట్లు ముగియుట అందరి విషయమునను జరుగదు. కొందరికి రోగము మరలును. త్వరగా కనిపెట్టినచో వారిలో కొందరికి మరల చికిత్స చేయు వీలుండును. అందుచేతనే మొదటి రెండు మూడేండ్లు మూడు నుండి ఆరు నెలలకొకమారు, పిమ్మట వైద్యుడు చెప్పిన గడువులలో చిత్రములు తీయించుకొనుచుండవలెను. చిత్రములను, కాగితములను, చికిత్స చేసిన తేదీని, మోతాదును ఒక్కచోట భద్రపరచవలెను. దగ్గు, జ్వరము, ఆయాసము వచ్చి వేరొక వైద్యుని చూచినపుడు, ‘ఇచ్చట కిరణచికిత్స జరిగినది’ అని మొదటనే చెప్పవలెను. అది తెలియని వైద్యునికి ఆ నీడ క్షయగానో, న్యుమోనియాగానో తోచవచ్చును. కిరణములవలన కలిగిన వాపు బాధించినచో దానికి వేరు మందులు కలవు. చిత్రమున మార్పు కనిపించిన పలువురకు బాధయే యుండదు.

మరియొక మాట. జంగారెడ్డిగూడెము, కొయ్యలగూడెము మెట్టప్రాంతమున పొగాకు పండించి బ్రతుకు కుటుంబములు మన జిల్లాలో ఎన్నియో కలవు. వారి పిల్లలు మా తరగతులలో కూర్చుందురు. వారిని నొప్పించుట నా యుద్దేశము కాదు. అయినను పొగ త్రాగుటకును ఊపిరితిత్తి కాన్సరునకును గల సంబంధమును 1950లోనే ఇంగ్లండునందు డాల్, హిల్ అను శాస్త్రజ్ఞులు లెక్కలతో చూపిరి. బావగారు శస్త్రచికిత్సకు తగకపోవుటకు ఆ ముప్పదియేండ్ల చుట్టయే కొంత కారణము. ఉపాధ్యాయుడు బడియావరణలో చుట్ట వెలిగించినపుడు చూచు కన్నులెన్నియో ఆయనయే యిప్పుడు తలచుకొని బాధపడుచుందురు.

ఈయేటి జ్యేష్ఠమునకు చికిత్స ముగిసి 18 నెలలైనవి. బావగారు పాత హాజరుపట్టీ యొకదానిలో మిగిలిన పుటలకు గీతలు గీచి తేదీ, కొలత, వ్యాఖ్య అని మూడు గడులు చేసికొనిరి. ప్రతి చిత్రమునకును అందు ఒక వరుస కలదు. చివరి వరుసలో ప్రధానోపాధ్యాయుని గుండ్రని దస్తూరితో ‘మార్పు లేదు’ అని యున్నది. శ్రావణమాసపు వరుసలో వ్యాఖ్య గడియందు ‘ముద్దవంటిది’ అని వ్రాసి, ‘వంటి’ క్రింద ఎఱ్ఱసిరాతో రెండు గీతలు గీచిరి. అది నాకొరకు గీచినవే. మార్గశిరమున మరల హైదరాబాదు పోవలెను. టికెట్లు ఆయనయే తీయించిరి.